అతుకు

ఆ దంపతులు పసిబిడ్డ కారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) రిపోర్టు పట్టుకుని వచ్చారు, వెంట అత్తగారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్. తల్లికి ఇరవై నాలుగేళ్లు. అంతకుముందు రెండుసార్లు మూడో నెలలోనే గర్భం పోయింది. "మా వంశంలో ఇలాంటివి లేవు డాక్టరు గారూ. గ్రహణం నాడు వద్దంటున్నా బయటికెళ్లింది," అంది అత్తగారు, నేనేమీ అడక్కముందే.

డౌన్ సిండ్రోమ్ అంటే చాలామందికి తల్లి వయసే గుర్తొస్తుంది. 1959లో లెజెన్ బృందం ప్రకటించిన ఆ అదనపు 21వ క్రోమోజోము ఎక్కువమంది పిల్లల్లో విడిగానే ఉంటుంది, మామూలు 46కు బదులు లెక్క 47 వస్తుంది. ఈ బిడ్డకు మాత్రం 46 ఉన్నాయి. చూడబోతే ఒక 14వ దానికి మరో 21 అతుక్కుని ఉంది. నూటికి మూడు నాలుగు కేసులు ఇలా ఉంటాయి. ఈ రకం అతుకును రాబర్ట్‌సన్ 1916లోనే మిడతల్లో చూశాడు. ఇది కనిపిస్తే అమ్మానాన్నలిద్దరికీ పరీక్ష చేయాలి. ఇద్దరి రక్తమూ ఒకేసారి తీయిస్తాను. ముందు కోడలిది తీస్తే ఇంట్లో తీర్పు అప్పుడే అయిపోతుంది.

తండ్రికి 46 వచ్చాయి, తల్లికి 45. "ఒకటి తక్కువైతే మరి నేనెలా బాగున్నాను సార్?" అని అడిగిందా అమ్మాయి. అడగాల్సిన ప్రశ్నే. ఆమెకు తగ్గింది సంఖ్యే, సరుకు కాదు. ఒక 14, ఒక 21 కలిసి ఒకటయ్యాయి. అతికేటప్పుడు పోయిన పొట్టి కొసల్లోని జన్యువులకు వేరే క్రోమోజోముల మీద కావలసినన్ని నకళ్లున్నాయి. ఒంట్లో కణం రెండయ్యేటప్పుడు ఉన్నవన్నీ నకలు తీసుకుని పంచుకుంటుంది. అతుకు అక్కడ అడ్డు రాదు.

చిక్కంతా అండం తయారయ్యేచోట. అక్కడ జతలు విడిపోయి, జతకు ఒకటి చొప్పున 23 వెళ్లాలి. ఈమెలో 14, 21 మాత్రం ఒకే కాడికి కట్టిన ఎడ్లలా ఎటు వెళ్లినా కలిసే వెళ్తాయి. వాటితోపాటు విడి 21 కూడా అదే అండంలోకి వెళ్లిందా, తండ్రి ఇచ్చేదానితో కలిపి మూడవుతాయి. 14 గానీ 21 గానీ లేని అండమైతే ఆ గర్భం సాధారణంగా నిలవదు. ముందు పోయిన రెండూ ఇలాంటి హెచ్చుతగ్గుల వల్లే పోయి ఉండవచ్చు. మామూలు అండాలూ వస్తాయి, తల్లిలాగే అతుకుతో ఆరోగ్యంగా పుట్టే పిల్లలూ ఉంటారు. ఇదంతా కాగితం మీద గీసి అత్తగారి వైపు తిప్పాను. ఆ గీతల్లో గ్రహణానికి చోటు లేదు.

అతుకు తల్లిదైతే, మళ్లీ డౌన్ బిడ్డ పుట్టే అవకాశం నూటికి పది, పదిహేను. తండ్రిదైతే చాలా తక్కువ. ఎందుకింత తేడా అంటే నా దగ్గర సూటి జవాబు లేదు. మళ్లీ కడుపు పండితే పదిహేను వారాలు దాటాక ఉమ్మనీరు పరీక్ష చేయించుకోవచ్చని చెప్పాను.

ఆ అతుకు ఈ అమ్మాయిలోనే కొత్తగా వచ్చిందో, పుట్టింటి నుంచి వచ్చిందో తేలాలి. ఆమె అమ్మానాన్నలను పిలిపిస్తే అతుకు వాళ్ల నాన్నలో దొరికింది. అంటే పెళ్లి కావలసిన చెల్లెలికీ ఉండే అవకాశం సగం. "సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడొద్దు," అంది వాళ్లమ్మ. నిర్ణయం ఆవిడది కాదు. చెల్లెలికి పద్దెనిమిది దాటాయి. ఈసారి ఆ పిల్లనే రమ్మని కబురు పెట్టాను.