పెడన బాటలో మా పందిరి

బందరుకు రమారమి 10 కిలోమీటర్ల దూరముననున్న పెడన మగ్గములకును, కలంకారి అద్దకమునకును పేరుగన్న యూరు. కార్తిక పూర్ణిమకు రైలును బస్సులును ఉన్నను, మ్రొక్కుగలవారు తెల్లవాఱకముందే కాలినడకను బయలుదేఱుదురు. 1929లో వెలసిన చిలకలపూడి పాండురంగని కోవెల మీదుగా మంగినపూడి సముద్రస్నానమునకు పోవుదురు. బందరు దాటిన పిమ్మటనే కడలికి మఱి 11 కిలోమీటర్లు కలదు.

వారికై మేము కొందఱము స్త్రీలము బాటప్రక్క పందిరి వేసితిమి. మంచినీరు, అరటిపండ్లు, కాళ్లకు కాపడము ఉన్న చాలునని తలచితిమి. తొలియేడే యొక ముదుసలి తనవారినుండి విడివడి, చీకటిలో కాలువగట్టున సొమ్మసిల్లెను. ఆమె ముందు పోయినదనుకొని తనవారు సాగిపోయిరి. మాలో నొక బాలిక చూచి కేకవేయుటచే ఆమె బ్రదికెను.

నాటినుండి ప్రతి గుంపులో నెందఱు వచ్చిరో, ఎందఱు కదలిరో యొకతె వ్రాయును. కడపటి మనిషిచేత టార్చిలైటు ఉంచుదుము. ఎదురువచ్చు బండ్లు కనబడునట్లు బాటకు కుడిప్రక్క నడువుడని చెప్పుదుము. కన్నులు తిరిగినవారిని, ఎంత బ్రతిమాలినను, నడువనీయక ఆటో యెక్కింతుము. మ్రొక్కు చెడునని యొకామె కంటనీరు పెట్టుకొన్నది, అయినను విడువలేదు.

దాహము తీర్చుట పుణ్యమే. లెక్క తప్పకుండ అందఱిని ఇల్లు చేర్చుట అంతకన్న మిన్న.