నల్లబల్ల మీద పేర్లు

పోయిన వారం మా మనవరాలు బడి నుంచి వస్తూనే గుమ్మంలో నిలబడి, గౌనుకు గుచ్చిన బిళ్ళను గర్వంగా చూపించింది. మూడవ తరగతికి ఆ నెలంతా తానే లీడరట. "లీడరంటే ఏం చెయ్యాలమ్మా?" అని అడిగాను. "టీచర్ లేనప్పుడు ఎవరు మాట్లాడినా నేను పేర్లు రాసెయ్యొచ్చు తాతయ్యా!" అంది, కళ్ళు మెరిపిస్తూ. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఒక సంగతి గొంతులో అడ్డుపడింది.

1972లో నేను నాలుగవ తరగతి. కృష్ణా డెల్టాలో మాది చిన్న ఊరు. బడికి రెండే గదులు. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో, ఒకే మాస్టారి కింద ఉండేవి. ఆయన అయిదవ తరగతికి భిన్నాలు చెబుతున్నంతసేపూ మిగిలిన రెండు తరగతులూ నోరు మెదపకూడదు. అది జరిగే పని కాదు కనుక లీడరు పుట్టాడు. ఆ లీడరును నేను. ఎందుకు నేనంటే, నా చేతివ్రాత గుండ్రంగా ఉండేది; మా తాతగారి మాట ఊళ్ళో చెల్లేది. ఈ రెండింటిలో ఏది అసలు కారణమో ఆనాడు ఆలోచించలేదు. ఈనాడు ఆలోచించవలసిన అవసరం లేదు.

మొదట్లో పని బాగానే ఉండేది. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టి గంట మ్రోగించడం, కుండలో నీళ్ళున్నాయో లేదో చూడడం, నల్లబల్ల తుడవడం. తరువాత మాస్టారు నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. మాట్లాడినవాడి పేరు బల్ల మీద రాయాలి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ గుర్తు. ఎన్ని ఇంటూలుంటే అరచేతి మీద అన్ని చింతబరికె దెబ్బలు.

తొమ్మిదేళ్ళవాడి చేతిలో ఆ సుద్దముక్క ఏమవుతుందో మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. వారం తిరగకముందే నా జేబులోకి రేగిపళ్ళు, జీళ్ళు, కొత్త బలపాలు రావడం మొదలైంది. ఇచ్చినవాడి పేరు బల్ల ఎక్కదు. అంతవరకూ బాల్యచాపల్యమని సరిపెట్టుకోవచ్చు. కాని ఇప్పుడు ఆ బల్లను కళ్ళ ముందు నిలుపుకొని చూస్తే, దాని మీద రోజూ కనబడినవి అవే ఆరేడు పేర్లు. అన్నీ వెనక వరుసలో కూర్చునేవాళ్ళవి. వాళ్ళ నాన్నలు మా పొలాల్లో పనిచేసేవారు. కరణంగారి అబ్బాయి నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. అతని పేరు నేను ఒక్కసారి కూడా రాయలేదు. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఊరు తన లెక్కలను నా చేత రాయించుకుంది, అంతే.

ఆ వెనక వరుసలో ఒకడు నా స్నేహితుడు. చెరువుగట్టు మీద ఇద్దరం కలిసి తిరిగేవాళ్ళం. ఒకనాడు అతడు మూడవ తరగతి పిల్లవాడొకడి చెవిలో అదే పనిగా ఏదో చెబుతున్నాడు. చూశాను. పేరు రాశాను. ఆగలేదు. ఇంటూ పెట్టాను. మళ్ళీ ఇంటూ. మాస్టారు వచ్చేసరికి నాలుగు. దెబ్బలు తిన్నంతసేపూ అతడు నావైపు చూడలేదు; ఎందుకు మాట్లాడావని మాస్టారు అడగనూ లేదు.

బడి విడిచాక ఆ చిన్నవాడు నాతో చెప్పాడు. వాడికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రావడం లేదట. నా స్నేహితుడు చింతగింజలు పదేసి కుప్పలు పోసి, ఒక కుప్ప విడగొట్టి ఒకట్లలో కలిపి చూపిస్తూ నేర్పుతున్నాడట. వాడికి లెక్క వచ్చింది కూడానట.

మాస్టారికి ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. చెబితే సుద్దముక్క పోతుందని భయం. మరునాడూ అదే బల్ల, అదే నేను.

చాలా ఏళ్ళ తరువాత మన పాత వీధిబడుల గురించి చదువుతుంటే ఒక సంగతి కనబడి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1789లో ఆండ్రూ బెల్ అనే పాదరీ మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు అధికారి అయ్యాడు. ఇక్కడి బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలోనూ అలాగే చెయ్యమన్నాడు. ఉపాధ్యాయులకు అది రుచించలేదు. అప్పుడాయన ఎనిమిదేళ్ళ కుర్రవాడొకణ్ణి పిలిచి అక్షరాల తరగతిని అప్పగించాడు. ఆ కుర్రవాడు నేర్పాడు. 1797లో బెల్ ఈ ప్రయోగాన్ని లండనులో పుస్తకంగా వేశాడు. అదే 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్, అంతకు ఏడేళ్ళ ముందు తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఆయనే, తన జిల్లా బడుల మీద ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ముందున్న పిల్లలు వెనకున్నవారికి చెబుతూ తమ చదువునూ గట్టిపరచుకునే ఇక్కడి తీరును అందులో మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగిన పనేనన్నాడు.

అంటే చింతగింజలతో నా స్నేహితుడు చేసినది మన వీధి అరుగుల మీద ఎప్పటినుంచో ఉన్న పని. ఆ గదిలో అసలైన నాయకుడు అతడు. నేను పేర్లు పట్టిచ్చేవాణ్ణి మాత్రమే.

ఆ పద్ధతి కథలోనే రెండవ ముఖమూ ఉంది. అదే కాలంలో లండనులో జోసెఫ్ లాంకాస్టర్ ఒక్క హాలులో వందలమందిని కూర్చోబెట్టి, పిల్లల చేతనే పిల్లలకు చదువు చెప్పించాడు. అంతమందిని అదుపులో పెట్టడానికి తప్పు చేసినవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసే శిక్షలు కూడా పెట్టాడు. పక్కవాడికి నేర్పమంటే పిల్లవాడు ఎదుగుతాడు. పక్కవాణ్ణి పట్టివ్వమంటే కుంచించుకుపోతాడు. రెండింటికీ మనం పెట్టుకున్న పేరు మాత్రం ఒకటే: లీడరు.

విద్యాహక్కు చట్టం 2010లో అమలుకు వచ్చాక బడిలో దెబ్బ నిషిద్ధమయింది. బెత్తం పోయింది గాని, మా మనవరాలి మాటను బట్టి చూస్తే పేర్ల పట్టిక పోలేదు.

పిల్లలకు బాధ్యతలు వద్దనడం నా అభిప్రాయం కాదు. జపాను ప్రాథమిక పాఠశాలల్లో 'నిచ్చోకు' అని ఒక ఆచారం ఉంది. రోజుకు ఒకరిద్దరు పిల్లలు వంతు ప్రకారం తరగతి బాధ్యత తీసుకుంటారు. పాఠానికి ముందూ వెనకా అందరిచేతా నమస్కారం చెప్పించడం, బల్ల తుడవడం, ఆనాటి దినచర్య రాయడం వారి పని. బాగా చదివేవాడికీ, మాట పెగలనివాడికీ వంతు తప్పదు. ఇవాళ నీ వంతు, రేపు నా వంతు అయినప్పుడు అధికారం ఎవరి జేబులోనూ నిలవ ఉండదు. రేగిపళ్ళు ఎవరికివ్వాలో తెలియదు కదా!

ఆ రాత్రి మనవరాలికి ఈ కథంతా చెప్పాను. ఇంటూ గుర్తుల దగ్గర దాని ముఖం చిన్నబోయింది. కాసేపాగి, "మరి పేర్లు రాయకపోతే లీడరు ఏం చేస్తాడు తాతయ్యా?" అంది. "ఎవరికి ఏది రావడం లేదో చూసి, నీకొస్తే నేర్పు. నీకు రాకపోతే వచ్చినవాళ్ళ దగ్గర కూర్చోబెట్టు" అన్నాను. ఎంత అర్థమయిందో తెలియదు. బిళ్ళను తీసి తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది.

దీపం ఆర్పబోతుంటే కళ్ళు మూసుకునే అడిగింది: "ఆ అబ్బాయి పేరేంటి తాతయ్యా?"

చెప్పాను. వెతుక్కోవలసిన పని లేకపోయింది. అయిదవ తరగతితో చదువు మానేసి పొలం పనికి వెళ్ళిన అతడు, ఆ నాలుగు దెబ్బల గురించి ఆ తరువాత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గుండ్రని అక్షరాలతో నల్లబల్ల మీద నేను రాసిన ఆ పేరు మాత్రం ఏ గుడ్డతో తుడిచినా పోలేదు.