టార్చ్ వేస్తే కనిపించింది

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర. కేపీహెచ్‌బీలోని హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని కోడింగ్ ప్రాక్టీస్ చేసుకుంటున్నా. ఉన్నట్టుండి స్క్రీన్ మసకబారింది. పూర్తిగా ఆరిపోలేదు. కళ్లు చిట్లించి చూస్తే నేను రాసిన కోడ్ ఎక్కడో నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపిస్తోంది.

వేరే రోజుల్లో అయితే ఆఫీసు ల్యాప్‌టాప్ తీసేవాణ్ని. కానీ మూడు వారాల క్రితం మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఐడీ కార్డుతో పాటు దాన్నీ ఇచ్చేసి వచ్చా. నా దగ్గర మిగిలింది 2016లో, బీటెక్ చదువుతుండగా నాన్న కొనిచ్చిన ఈ పాతదే. శుక్రవారం పదకొండింటికి ఇంటర్వ్యూ. మొదటి రౌండే లైవ్ కోడింగ్. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. దొరికాక రెండూ కలిపి చెబుదామని.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, నా అనుమానం మొదట సాఫ్ట్‌వేర్ మీదికే పోయింది. బ్రైట్‌నెస్ కీలు నొక్కా. బ్యాటరీ సేవర్ ఆపేశా. చుట్టూ ఉన్న వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ దానంతటదే మారే సెట్టింగ్ కూడా తీసేశా. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశా. ఇవన్నీ ఆ చీకటి స్క్రీన్ మీద, మౌస్ బాణాన్ని వెతుక్కుంటూ. రాత్రి ఒంటి గంట అయింది. అప్పుడు తట్టింది, మొదటి నిమిషంలోనే తట్టాల్సిన విషయం. ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి చూస్తే? అక్కడికి విండోస్ ఇంకా రాదు, దాని డ్రైవర్లూ రావు. వెళ్లి చూశా. అక్కడా చీకటే. అంటే మూడు గంటలు నేను తప్పు చోట వెతికా.

పొద్దున్నే పక్క గది కుర్రాడి హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి, మెస్‌లో ఉన్న టీవీకి తగిలించా. బొమ్మ అద్దంలా వచ్చింది. గ్రాఫిక్స్ చిప్ బాగానే ఉందన్నమాట. ఎలాగూ తగిలించా కదా అని ప్రాక్టీస్ అక్కడే మొదలుపెట్టా. ఇడ్లీ తింటున్న వాళ్లంతా నా కోడ్ వైపే చూస్తున్నారు. ‘బ్రో, పాటలు పెట్టవా, ఈ కథేంటో అర్థం కావట్లేదు’ అన్నాడొకడు. రెండో ఇడ్లీ అయ్యేసరికి హాస్టల్ అంకుల్ రిమోట్ తీసేసుకున్నారు.

గదికొచ్చి లైటు ఆపి, ఫోన్ టార్చ్ వెలిగించి స్క్రీన్‌కి ఏటవాలుగా పట్టుకున్నా. టార్చ్ పడిన చోట డెస్క్‌టాప్ ఐకాన్లు స్పష్టంగా కనిపించాయి. ఈ పరీక్ష మీరూ గుర్తుపెట్టుకోండి, పైసా ఖర్చు లేదు. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. అందులోని లిక్విడ్ క్రిస్టల్స్ కిటికీ పరదాల్లా వెలుతురును వదలడం, ఆపడం మాత్రమే చేస్తాయి. వెలుతురు వచ్చేది వెనకున్న బ్యాక్‌లైట్ నుంచి. పాత ల్యాప్‌టాప్‌లలో దానికి సన్నటి ట్యూబ్‌లైట్ ఉండేది, తర్వాత వాటిలో అంచున ఎల్‌ఈడీల వరస ఉంటుంది. బొమ్మ ఉండి వెలుగు లేదంటే బ్యాక్‌లైట్ పోయి ఉండాలి, లేదా దానికి కరెంటు అందక ఉండాలి. (మీది ఓఎల్‌ఈడీ అయితే ఈ పరీక్ష పనికిరాదు. అందులో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది.)

ఇంకో సంగతి కూడా కనిపించింది. మూత సగం వంచితే ఒక్క క్షణం స్క్రీన్ భళ్లున వెలిగి ఆరింది. స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ మూత మడత దగ్గరి నుంచే పోతుంది. తొమ్మిదేళ్లు తెరిచి మూస్తే ఏ తీగైనా నలుగుతుంది.

ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, కౌంటర్‌లో అబ్బాయి మూత కూడా కదపకుండా ‘డిస్‌ప్లే పోయింది సార్, మొత్తం మార్చాలి. తొమ్మిది వేల ఎనిమిది వందలు’ అన్నాడు. టార్చ్ సంగతి చెప్పబోయా. వినలేదు. నెల జీతం వచ్చే రోజుల్లో అయితే ఇచ్చేసేవాణ్నేమో.

ఇక నేనే విప్పుతానన్నా. స్క్రూడ్రైవర్ సెట్ కొని, వీడియో చూస్తూ వెనక మూత తీశా. కేబుల్ కనెక్టర్ కనిపించింది. వీడియోలో ఆయన ‘ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి’ అంటూనే ఉన్నాడు. ఆ ముక్క నేను పది సెకన్లు ముందుకు జరిపేశా, తొందర. చార్జర్ తీశా కదా, చాలనుకున్నా. కేబుల్ పీకి, దులిపి, మళ్లీ గుచ్చా. ఆన్ చేశా. ఇప్పుడు మూత ఎటు వంచినా ఆ క్షణం వెలుగు కూడా లేదు.

గురువారం మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, లైను మారి, ప్యారడైజ్‌లో దిగి సీటీసీకి నడిచా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ విడిభాగాలంటే మా బీటెక్ రోజుల నుంచీ ఆ బిల్డింగే. ఓ చిన్న కొట్టులో నలభై ఏళ్ల మనిషి, కంటికి భూతద్దం. మూత తీసి చూసి అడిగాడు.

‘ఎవరన్న ఇప్పిన్రా దీన్ని?’

‘నేనేనన్నా.’

‘బ్యాటరీ తీసినవా?’

‘తీశానన్నా.’

ఎందుకు అబద్ధం చెప్పానో నాకే తెలీదు. ముక్కూమొహం తెలియని మనిషి, మందలిస్తాడని భయం. ఆయన మల్టీమీటర్ ముళ్లు రెండూ కనెక్టర్ పక్కనున్న ఓ భాగం మీద పెట్టాడు. నువ్వు గింజంత ఉంది. మీటర్ బీప్ అనలేదు.

‘బ్యాక్‌లైట్ ఫ్యూజ్. బ్యాటరీ ఉండంగ కేబుల్ గుచ్చితే పక్కపక్క పిన్నులు తాకి గిట్లనే పోతది. నిజం చెప్పు తమ్మీ, నాకెంత టైం కావాల్నో దాన్ని బట్టి తెలుస్తది.’

‘తీయలేదన్నా’ అన్నా.

‘గట్ల చెప్పు’ అని పని మొదలుపెట్టాడు. కేబుల్ కూడా తీసి చూపించాడు. మడత దగ్గర పైతొడుగు చిట్లి, లోపల సన్నటి తీగలు రెండు తెగి ఉన్నాయి. అసలు జబ్బు అదే, ఫ్యూజ్ నేను అంటించింది. పాతవాటి నుంచి తీసిన కేబుల్ ఒకటి వెతికి వేశాడు, కొత్త ఫ్యూజ్ అతికాడు. ముందు బ్యాటరీ పీకాకే. అది కూడా నాకు చూపించి మరీ.

అంతలో నాన్న ఫోన్. ‘ఏరా, ఆఫీసులో ఉన్నావా?’

ఆయన సోల్డరింగ్ పొగ ఊదుకుంటున్నాడు. నేను కొట్టు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నా. ‘లేదు నాన్నా’ అని మొదలుపెట్టి, మూడు వారాల కథా చెప్పేశా. ల్యాప్‌టాప్ సంగతీ, రేపటి ఇంటర్వ్యూ సంగతీ. చాలాసేపు అటు నుంచి ఏమీ లేదు. లైను కట్టయిందేమోనని ఫోన్ చూసుకున్నా కూడా.

‘అది ఇంకా పనిచేస్తోందా? నేను కొన్నదేనా?’ అన్నాడు చివరికి.

‘ఇప్పుడే బాగుచేస్తున్నారు.’

‘ఎంత అడిగాడు?’

పదకొండు వందలని చెప్పా. ‘వెయ్యికి బేరమాడు’ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ‘అమ్మకి నేను చెప్తాలే. రాత్రికి ఫోన్ చెయ్’ అని పెట్టేశాడు.

లోపలికెళ్లా. స్క్రీన్ కళ్లు చెదిరేలా వెలుగుతోంది, మంగళవారం రాత్రి ఆగిన చోటే నా కోడ్. బేరమాడబుద్ధి కాలేదు, పదకొండు వందలూ ఇచ్చా. లెక్కపెట్టుకుంటూ ఆయన అన్నాడు: ‘కింద ఒక స్క్రూ లేదు తమ్మీ. రూంల పడేసినట్టున్నవ్, ఎతుక్కో.’

దుప్పటి దులిపితే దొరికింది.