లేపాక్షి బసవన్న చుట్టూ కెమెరాతో

బెంగళూరు-హైదరాబాదు రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హిందూపురం వైపు మళ్లి వెళ్తే, లేపాక్షిలో వీరభద్రస్వామి గుడి కన్నా ముందు బసవన్నే కనిపిస్తాడు. ఒకే రాతిలో మలిచిన నంది. పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడికి రాకముందే దీన్ని ఫొటోలో చూసి ఉంటారు. పక్కనుంచి తీసింది, మెడ నిటారుగా ఎత్తి ఉంటుంది, వెనక నీలాకాశం. క్యాలెండర్లలోనూ పర్యాటక కరపత్రాల్లోనూ అదే ఫొటో. అది బాగానే ఉంటుంది, దానితో నాకు పేచీ లేదు. అదొక్కటే అసలు ఫొటో, మిగతావన్నీ కెమెరా వేషాలు అనే నమ్మకంతోనే పేచీ. ఆరుబయట ఉన్న శిల్పం విషయంలో ప్రయోగానికి దిగిన ఫొటోయే ఒక్కోసారి ఎక్కువ నిజం చెబుతుందని నా వాదన. దానికి సాక్ష్యం ఈ నంది చుట్టూనే దొరుకుతుంది.

మిట్టమధ్యాహ్నం వచ్చినవాళ్లకి మెడలోని హారాలు సరిగ్గా కనిపించవు. నడినెత్తిన ఎండ ఉంటే రాయంతా ఒకే బూడిదరంగులోకి దిగిపోతుంది. గంటలు, గొలుసు, పట్టెడ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పొద్దు వాలాక వెలుగు రాతిని ఒరుసుకుంటూ ఏటవాలుగా వస్తుంది. అప్పుడు ప్రతి గంటకీ కింద ఒక నీడ పుడుతుంది, గొలుసులో పూస పూసా విడిపడుతుంది. నున్నగా తేల్చిన ఒంటికీ, ఉలి దెబ్బల గరుకు మిగిలిన చోటికీ తేడా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి జానెడు మేర మాత్రమే ఫ్రేములో పెడితే గ్రానైటులోని తెల్ల పలుకులు, నల్ల చుక్కలు కూడా పైకొస్తాయి. ఆ ఫొటో చూసి ఇది నంది అని ఎవరూ పోల్చుకోలేరు. కానీ ఇంత గట్టి రాయిని ఇంత సన్నగా చెక్కడం ఎంత కష్టమో చెప్పేది అదే. పక్కవాటు ఫొటో ఆకారం చెబుతుంది, పని చెప్పదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి పాతకాలంలోనే వచ్చింది. స్విట్జర్లాండుకు చెందిన కళాచరిత్రకారుడు హైన్‌రిష్ వోల్ఫ్లిన్ 1896-97లో శిల్పాలను ఎలా ఫొటో తీయాలో చెబుతూ వ్యాసాలు రాశాడు. శిల్పి ఉద్దేశించిన ప్రధాన దృశ్యం ఒకటి ఉంటుందనీ, ఫొటోగ్రాఫర్లు కొత్తదనం కోసం పక్కకి జరిగి దాన్ని పాడుచేస్తున్నారనీ ఆయన ఫిర్యాదు. గోడకు ఆనించి నిలబెట్టే విగ్రహాల విషయంలో ఆ మాట చాలావరకు నిలుస్తుంది. చుట్టూ ప్రదక్షిణగా తిరిగి చూసే నందికి దాన్ని వర్తింపజేయడం కష్టం. పైగా శిల్పి మనసులోని దృశ్యం ఫలానాదని తేల్చేదెవరు? ప్యారిస్‌లో శిల్పి రోదా చేసిన, రచయిత బాల్జాక్ విగ్రహం సంగతే చూడండి. చేయించుకున్న రచయితల సంఘమే 1898లో దాన్ని కాదంది. పదేళ్ల తర్వాత, 1908లో, మ్యూదోఁలోని తన ఇంటి దగ్గర ఆ ప్లాస్టరు విగ్రహాన్ని ఆరుబయట పెట్టించాడు రోదా. ఫొటోగ్రాఫరు ఎడ్వర్డ్ స్టైకెన్ దాన్ని వెన్నెల్లో, షట్టరు చాలాసేపు తెరిచి ఉంచి ఫొటోలు తీశాడు. వాటిలో ముఖకవళికలు మసకబారాయి, పైవస్త్రం మడతలు మాయమయ్యాయి, ఆకాశంలోకి లేచిన ఒక నల్లటి ముద్ద మిగిలింది. శిల్పికి కోపం రావాలి కదా? రోదా సంతోషించాడు. కంచులో పోసిన విగ్రహం ప్యారిస్ వీధిలో నిలబడింది 1939లో. అంతకు ముందే చాలామంది బాల్జాక్‌ను చూసింది ఈ ఫొటోల్లోనే.

అలాగని కొత్తగా ఉన్న ప్రతిదానికీ జేజేలు కొట్టక్కర్లేదు. వైడ్ యాంగిల్ లెన్సును నంది ముక్కు దగ్గర పెట్టి మూతిని గుమ్మడికాయంత చేసే ఫొటోలు చవకబారువే. అక్కడ ఫొటోగ్రాఫరు తెలివి తప్ప రాయి కనిపించదు. చుట్టూ తిరుగుతూ తీసిన ఫ్రేములన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చే పద్ధతి కూడా ఇక్కడ నప్పదని నా అభిప్రాయం. మూపురం పొగలా తేలిపోతుంది, బరువు పోతుంది. బరువు పోయాక నందిలో మిగిలేదేముంది? దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రయోగం ఇంకొకటి ఉంది. తోక నుంచి మూతి దాకా సమాన దూరంలో నడుస్తూ, అడుగుకొకటి చొప్పున ఫొటోలు తీసి, ఒక్కోదాని నడిమి భాగాన్ని వరసగా అతికించడం. వచ్చే బొమ్మను ఏ కన్నూ ఎక్కడా నిలబడి చూడలేదు. అయినా పొడవు కొలతలకు ఒక్క క్లిక్కు ఫొటో కన్నా అదే నమ్మకమైనది. ప్రయోగం అంటే వక్రీకరణే అనేవారికి ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు.

ఇక్కణ్ణుంచి గుడి దాకా నడక కొద్దిపాటిదే. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. ఆవరణలో ఏడు పడగల నాగేంద్రుడి నీడన పెద్ద శివలింగం ఉంది. బసవన్న చూపు ఆ లింగం వైపేనని అందరూ చెబుతారు. కానీ ఆ ఇద్దరినీ ఒకే ఫ్రేములో పట్టడం మామూలుగా కుదరదు, మధ్యలో ఊరు ఉంది, ప్రహరీ ఉంది. అందుకే నంది ముఖం మీద నాగలింగాన్ని మోపిన డబుల్ ఎక్స్‌పోజరును నేను సమర్థిస్తాను. లేనిదాన్ని కల్పించావంటారు. నిజానికి కల్పించింది ఏదీ లేదు. రెండు శిల్పాల మధ్య ఉన్న సంబంధాన్ని మామూలు ఫొటో తెంచేసింది, ఇది మళ్లీ కలిపింది. మోసం ఎక్కడ మొదలవుతుందంటే, ఇలా కలిపామని చెప్పకుండా దాచినప్పుడు. కింద ఒక వాక్యం రాస్తే ఆ గొడవ తీరిపోతుంది.

లేపాక్షి వెళ్లేవారికి ఒక మాట. మధ్యాహ్నం గుడి మండపాల నీడలో గడిపి, బసవన్న దగ్గరికి పొద్దు వాలే వేళకు రండి. కెమెరా స్టాండు వాడదలిస్తే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి. అందరూ తీసే ఫొటో ఒకటి తీసుకోండి, తప్పు లేదు. ఆ తర్వాత మాత్రం అక్కణ్ణుంచి కదలండి.