ఏ పూటకు ఆ పూట

“ఎలా గడుస్తోందండీ?” అని అడిగితే “ఏ పూటకు ఆ పూటే” అనడం మనవాళ్లకు అలవాటు. ఆ మాట వెనుక ఒక నిట్టూర్పు ఉంటుంది. చేతిలో నిలవ లేదనీ, రేపటి సంగతి తెలియదనీ దాని భావం. కాని క్రైస్తవుడినైన నాకు అందులో నిట్టూర్పు కంటె నిబ్బరమే ఎక్కువగా వినిపిస్తుంది. విశ్వాసమంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ మాటే జవాబుగా చెప్పాలనిపిస్తుంది.

ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో ఆహారం అడిగేచోట ఒక్క దినానికే అడగమన్నాడు గాని, ఏడాది గ్రాసం అడగమనలేదు. అంతకు ఎన్నో తరాల ముందు, ఐగుప్తు విడిచి ఎడారిలో నడిచిన ఇశ్రాయేలీయులకు మన్నా దొరికిన తీరూ ఇదే. మనిషికి రోజుకు ఒక ఓమెరు చొప్పున ఏరుకోవాలి. తెల్లవారేదాకా దాచుకున్నవారిది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం, మర్నాడు విశ్రాంతి దినం గనుక, రెండింతలు ఏరుకోమన్నాడు దేవుడు. దానికి పురుగు పట్టలేదు. అంటే దాచుకోవడమే తప్పని కాదు. ఏ రోజున దాచాలో, ఏ రోజున దాచకూడదో తెలియాలి. ఆ తెలివికే వివేకమని పేరు. అది కూడా ఒకసారి సంపాదించి బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు. ఏ పూటకు ఆ పూట ఏరుకోవలసిందే.

మా ఇంట్లో మేము దాన్ని ఏరుకునే చోటు సామెతల గ్రంథం. బైబిల్లోని ఈ గ్రంథానికి 31 అధ్యాయాలున్నాయి. తారీఖు ఎంతయితే ఆ అధ్యాయం చదువుకోవడం చాలా క్రైస్తవ కుటుంబాలలో ఉన్న అలవాటే. మేమూ రాత్రి భోజనాలయ్యాక అలాగే చదువుకుంటాం. మా ఆవిడకు దీనిమీద ఒక ఫిర్యాదు ఉన్నది. గుణవతి అయిన ఇల్లాలిని పొగిడేది కడపటి అధ్యాయం. 31వ తారీఖు ఏడాదిలో ఏడు నెలలకే వస్తుంది. “తక్కిన అయిదు నెలలూ ఇల్లాలికి పొగడ్త లేదు గాని, పని మాత్రం తప్పదు” అంటుంది. దీనికి జవాబు చెప్పగల మగవాడు మా సంఘంలో ఇంతవరకు కనబడలేదు.

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ఈ గ్రంథం పేరంటేనే నాకు ముచ్చట. ‘సామ్యత’ నుంచి ‘సామెత’ వచ్చిందని పెద్దలంటారు, అంటే పోలిక. హెబ్రీలో దీనికి వాడిన ‘మాషాల్’ అన్న మాటకూ పోలిక అన్న అర్థం ఉన్నది. 1868లో కెప్టెన్ కార్ అనే దొర మన సామెతలను పోగుచేసి ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ అని అచ్చు వేయించాడు. ఆ పుస్తకాన్నీ ఈ గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే రెంటికీ ఇంటి వాసనే వేస్తుంది. దేవుని జ్ఞానమంటే మబ్బుల మీద ఎక్కడో ఉంటుందనుకుంటాం. తీరా చదివితే బజారులో తూకపు రాళ్లు, పొలంలో గట్టు రాయి, చీమల బారు! దొంగ తూకం తూచకు, పెద్దలు పాతిన రాయి జరపకు, కోపంగా వచ్చినవాడితో మెత్తగా మాట్లాడు అని బోధ. భక్తి అంతా ఈ పనుల్లోనే తేలాలి.

చిక్కేమిటంటే, అన్ని అధ్యాయాలూ ఒకే వైపుకు తోయవు. చేతిలో ఉండగా పొరుగువాణ్ణి రేపు రమ్మని తిప్పవద్దంటుంది మూడో అధ్యాయం. ఇంకొకరి అప్పుకు పూటపడి ఉంటే నిద్ర మానుకొని అయినా వెళ్లి విడిపించుకోమంటుంది ఆరో అధ్యాయం. పూటపడటమంటే హామీ ఉండటం. దినంలో సగమూ పూటే, జామీనూ పూటే మన భాషలో. ఒకరి పూట గడపడం మూడో అధ్యాయమైతే, ఒకరికి పూటపడటం ఆరో అధ్యాయం.

ఈ రెండు పూటలూ ఒకే రాత్రి మా గుమ్మంలోకి వచ్చాయి. మా బావగారికి చిన్న ఊళ్లో బట్టల కొట్టు ఉన్నది. ఆయన ఒక చిట్టీ పాడుకున్నారు. పాట దక్కినవాడికి సొమ్ము ముందే చేతికి వస్తుంది. మిగిలిన వాయిదాలు నెలనెలా కట్టుకుపోవాలి. ఆయన కట్టకపోతే మేము కడతామని జీతగాళ్లు సంతకాలు పెట్టాలి. అక్కయ్యను వెంటబెట్టుకొని వచ్చి, “ఒక్క సంతకమేగా, ఏమంటావోయ్?” అన్నారు.

సరుకు కోసం తెచ్చిన అప్పొకటి అప్పటికే ఆయన నెత్తిన ఉందని నాకు తెలుసు. నా జీతం మీద ఇద్దరు పిల్లల చదువూ, మా అమ్మ మందులూ నడుస్తున్నాయి. సంతకం నాదే గాని, తాకట్టు పడేది వాళ్ల అన్నం. కాదంటే, నన్ను చంకనెత్తుకొని పెంచిన అక్కయ్య మొహం చూసేదెలా?

వాళ్లు పడుకున్నాక మేమిద్దరం ప్రార్థన చేసుకున్నాం. ఆనాటి తారీఖు ఎంతో నాకు గుర్తు లేదు. గుర్తుంచుకోవలసిన పనీ లేదు. అధ్యాయం తీసి శకునం చూడటం విశ్వాసం కాదు. రోజూ చదివినది లోపల ఊరి, అవసరానికి పైకి రావాలి. మా ఆవిడే అన్నది: “సంతకం రేపటి సంగతి. వాళ్ల ఇబ్బంది ఇవాళ్టిది. ఇవాళ్టికి మన దగ్గర ఏముందో అది ఇద్దాం.” ఇంటి కప్పు బాగుచేయించడానికి దాచిన 40,000 రూపాయలు ఉన్నాయి.

తెల్లవారి కాఫీలయ్యాక, “సంతకం పెట్టలేను బావగారూ. ఈ డబ్బు ఉంచండి, తిరిగి అడగను” అన్నాను. ఆయన కవరు ముట్టుకోలేదు. “సంతకానికి పనికిరానివాడి సొమ్ము నాకెందుకోయ్!” అని లేచారు. అక్కయ్య ఏమీ అనలేదు. మా పిల్లల తల నిమిరి ఆయన వెనకే వెళ్లింది. నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఫోను చేసి, “తమ్ముడూ, కొట్టు అద్దెకు ఏమైనా సర్దగలవా?” అన్నది. బావగారికి తెలిసి అడిగిందో, తెలియకుండా అడిగిందో మేము అడగలేదు. ఆ డబ్బంతా అలా మూడు విడతల్లో వెళ్లింది.

ఇలాంటి ఇరకాటం మాకంటె పెద్దవారికి, చాలా పెద్ద ఎత్తున వచ్చిన సందర్భం మన నేల మీదే ఉన్నది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వారిలో ఎందరో బాప్తిస్మం అడిగారు. కరువు సాయం సాగినంతకాలం ఆయన ఇవ్వలేదు. అన్నం రేపు పెడతానని అనలేదు; బాప్తిస్మానికి మాత్రం ఆగమన్నాడు. అన్నం కోసం వచ్చామా, దేవుని కోసం వచ్చామా అని వాళ్లు తేల్చుకోవడానికి వ్యవధి దొరికింది. సాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ లెక్క చరిత్రకెక్కింది. నాకు మాత్రం ఆ లెక్క కంటె, దాని ముందు ఆయన ఆగిన కాలమే గొప్పగా తోస్తుంది.

బావగారికి మరెవరో సంతకం పెట్టారు. వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కడుతున్నారని అక్కయ్య చెబుతుంది. వినగానే దేవునికి స్తోత్రమనుకున్నాను. అయితే, చూశారా నా వివేకం గెలిచిందని చాటుకోవడానికి వీలు లేదు, ఓడిందనుకోవడానికీ లేదు. ఆ రాత్రి తెలిసినదానితో, ఆ రాత్రి ఉన్నదానితో చేశాం. ఫలితం చూసి ధర కట్టేది వ్యాపారం. విశ్వాసానికి ఆ తూకం పనికిరాదు. క్రిస్మసుకు వెళితే బావగారు “బాగున్నావా?” అంటారు గాని, కూర్చోమనరు. నేనే కూర్చుంటాను. అక్కయ్య పెట్టిన అరిసె తిని, నాలుగు మెత్తని మాటలు మాట్లాడి వస్తాను. మనసుకు భారంగానే ఉంటుంది. వివేకానికి ఖరీదు ఉండదని ఏ అధ్యాయమూ చెప్పలేదు.

ముప్పయ్యో అధ్యాయంలో ఆగూరు అనే ఆయన ప్రార్థన ఒకటి ఉన్నది. కలిమి వద్దు, లేమి వద్దు, తగినంత తిండి చాలునని అడుగుతాడు. కలిగితే దేవుణ్ణి మరిచిపోతానేమో, లేకపోతే దొంగతనానికి దిగుతానేమోనని ఆయన భయం. తన బలహీనత తానెరిగినవాడి ప్రార్థన అది. నెలాఖరున వచ్చే ఆ అధ్యాయం, నెలాఖరు జేబుతో చదివితే, మరింత బాగా అర్థమవుతుంది.

ఇంటి కప్పు సంగతి మళ్లీ మొదటికి వచ్చింది. గట్టి వాన కురిస్తే నట్టింట్లో గిన్నె పెడుతున్నాం. ఆ చినుకుల చప్పుడులోనే పిల్లలు వంతులు వేసుకొని, ఆ రోజు అధ్యాయం ఆ రోజు చదువుతున్నారు.