1/19 వచ్చు, 0.3 రాదు

ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాట్ల పిల్లలకి ఆదివారాలు లెక్కలు చెబుతుంటాను. అయిదో తరగతి కుర్రాడొకడు 1/19కి దశాంశ విలువ, 18 అంకెలూ, చివరినుంచి మొదటికి గడగడా రాసేశాడు. వేదగణితం కోచింగ్ మహిమట! "0.3, 0.25లలో ఏది పెద్దది?" అనడిగాను.

"0.25 అంకుల్. మూడుకన్నా ఇరవై అయిదు పెద్దది కదా!"

తప్పు వాడిది కాదు. ఇన్నాళ్లూ నేర్చుకున్న పూర్ణసంఖ్యల అలవాటు అది. 1957లో రూపాయికి నూరు పైసలయ్యాక మన తరానికి దశాంశాలు జేబులోనే ఉండేవి. 2011లో పావలా చెల్లకుండా పోయింది. వీడు పైసని కళ్లజూడలేదు. అందుకే టైలరు టేపు ఇచ్చాను. మీటరులో 0.3 అంటే 30 సెంటీమీటర్లు, 0.25 అంటే 25. నూరు దగ్గర పట్టుకుని నాలుగు మడతలు పెడితే ఒక్కో మడత 25 వచ్చింది. "అయితే 1/4, 0.25 ఒకటేనా!" అన్నాడు. నేను చెప్పలేదు, వాడే కొలిచి తెలుసుకున్నాడు.

ఇక ఆ వేదగణితం సంగతి. అది 1965లో అచ్చయిన భారతీకృష్ణ తీర్థ పుస్తకంలోది. సూత్రాలు అథర్వవేద పరిశిష్టంలోవన్నారు గానీ, తెలిసిన ప్రతుల్లో అవి లేవు. 1/19 కిటుకు మాత్రం పనిచేస్తుంది. పదిని రెండుతో గుణిస్తే ఇరవై, దాన్ని 19తో భాగిస్తే శేషం ఒకటి. అందుకే కుడినుంచి రెట్టింపు చేసుకుంటూ పోతే అంకెలు పడతాయి. ఇందులో మహిమేముంది?

కారణం చెప్పకుండా నేర్పితే లెక్క కూడా మంత్రమే అవుతుంది. మంత్రానికి అలవాటు పడ్డ పిల్లవాడు రేపు తాయెత్తుని మాత్రం ఎందుకు ప్రశ్నిస్తాడు?