పెద్ద ముల్లు, చిన్న ముల్లు

రాజోలు దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో అటక మీద ఓ రేకు ట్రంకు పెట్టె ఉండేది. తాతయ్య మైక్ సెట్ నడిపిన రోజుల్లోది. 1996 నవంబరు తుపానులో పెంకులు ఎగిరిపోయి ఇల్లంతా తడిసిపోయినా ఆ పెట్టెలోకి మాత్రం చుక్క దిగలేదంటారు. తాతయ్య పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండేళ్ల కిందట సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే దింపాను.

పైన ఎల్పీలు ఉన్నాయి. ఘంటసాల భగవద్గీత అట్ట అయితే చేతులు పడీ పడీ నల్లబడిపోయింది. వాటి కింద పాత పేపర్లలో చుట్టి ముప్ఫై ఒక్క ‘ప్లేట్లు’. అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు. పాతాళ భైరవి, మల్లీశ్వరి, దేవదాసు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి రంగేసే లక్క ఉంది కదా, వీటి తయారీలోనూ అదే ముఖ్యం. కింద పడితే పెంకులాగే పగులుతుంది. రెండు అప్పటికే పగిలి ఉన్నాయి.

“అందులో మల్లీశ్వరి ప్లేటు ఉందా అబ్బాయ్? మా పెళ్లి పందిట్లో వేసింది అదే” అంది అమ్మమ్మ. మైక్ సెట్ వాడు పెళ్లికొడుకైతే రికార్డులకేం కొదవ! యూట్యూబ్‌లో అదే పాట పెట్టి ఫోన్ చేతికిచ్చాను. విని, “బావుంది. కానీ మన ప్లేటు కాదుగా” అని తిరిగిచ్చేసింది. ఆవిడకి ఎనభై దాటాయి. ఒక కంటికి చూపు సరిగా లేదు. ఎప్పుడో చేద్దాంలే అని వాయిదా వేసే పని కాదది.

హైదరాబాద్ వెళ్లగానే నెల జీతంలో సగం పెట్టి టర్న్‌టేబుల్ కొన్నాను. మూడు స్పీడులూ ఉన్నాయా లేదా అన్నదొక్కటే చూశాను. హెడ్‌షెల్ సంగతి నాకప్పటికి తెలీదు.

అదేంటో చెప్తాను. రికార్డు మీదికి వచ్చే పొడుగాటి చెయ్యి టోన్ ఆర్మ్. దాని చివర ముల్లున్న కార్ట్రిడ్జ్‌ని పట్టుకుని ఉండే తలకాయే హెడ్‌షెల్. కొన్నిటిలో ఇది చేతిలో భాగంగానే వస్తుంది, ఊడదు. కొన్నిటిలో మెడ దగ్గర ఒక రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే తల మొత్తం చేతిలోకి ఊడొస్తుంది. ఇంకోటి పెట్టి మళ్లీ బిగించుకోవచ్చు. నేను కొన్నది ఊడని రకం.

ఎల్పీలకి అది అద్భుతం. భగవద్గీత పెడితే గది నిండిపోయింది. తర్వాత మల్లీశ్వరి ప్లేటు పెట్టాను. బాణలిలో అప్పడాలు వేగుతున్న చప్పుడు, దాని వెనక ఎక్కడో భానుమతి. రికార్డు అరిగిపోయిందనుకుని అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “ఏ ముల్లు పెట్టావ్? పెద్దదా, చిన్నదా?”

ఆ ప్రశ్న దగ్గర నా ఇంజినీరింగ్ డిగ్రీ పరువు పోయింది. ఎల్పీ గాడి సన్నం, దాని ముల్లు కొస సుమారు 18 మైక్రాన్లు. పాత ప్లేట్ల గాడి వెడల్పు, దానికి 75 మైక్రాన్ల దాకా ఉండే ముల్లు కావాలి. చిన్న ముల్లు పెద్ద గాడిలో అడుక్కి జారి, అక్కడి దుమ్ములో దొర్లుతుంది. నేను విన్న అప్పడాలు అవే. పెద్ద ముల్లుతో ఎల్పీ వేస్తే ఇంకా ఘోరం, గాడే పాడవుతుంది. తాతయ్య పెట్టెలో ముల్లుని తిప్పితే ఒకవైపు ఎల్పీకి, ఇంకోవైపు ప్లేటుకి పనికొచ్చేదట. అమ్మమ్మ అది రోజూ చూసిన మనిషి.

కొన్ని కార్ట్రిడ్జ్‌లకి ముల్లు ఒక్కటే లాగి, 78కి సరిపోయేది తొడుక్కోవచ్చు. నా దానికి అలాంటి ముల్లు దొరకలేదు. కాబట్టి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. ఊడని తలలో ఆ పని ఎలా ఉంటుందంటే, కంటికి ఆనని రెండు స్క్రూలు, వెంట్రుకల్లాంటి నాలుగు వైర్లు: తెలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. రికార్డు మారినప్పుడల్లా ఇదే తంతు. రెండోసారికే నీలం వైరు తెగింది. రిపేరుకిస్తే నెలన్నర తిప్పించుకున్నారు. ఈలోగా అమ్మమ్మ రెండో కన్నుకి కూడా శుక్లం మొదలైందని డాక్టరు చెప్పారు.

అప్పుడు కూర్చుని చదివాను. ఊడని తలని మెచ్చుకునేవాళ్ల వాదనలో నిజం ఉంది. ముల్లు పట్టేది చాలా సన్నని కదలిక. మధ్యలో అతుకు ఉంటే అక్కడ కొంచెం వణుకు, కొంచెం నష్టం ఉండొచ్చు. అందుకే బ్రిటన్‌లో రేగా కంపెనీ 1980ల్లో చెయ్యీ తలా ఒకే ముక్కగా పోతపోసి పేరు తెచ్చుకుంది. తమాషా ఏంటంటే, 1959లో తన మొదటి ఆర్మ్‌తో ఊడే తలకి పేరు తెచ్చిన ఎస్ఎంఈ కంపెనీ కూడా తర్వాత తన ఖరీదైన మోడల్‌ని ఒకే ముక్కగా చేసింది. ఇటువైపు చూస్తే డీజేలు దశాబ్దాలుగా వాడుతున్న టెక్నిక్స్ 1200కి ఊడే తలే. షో మధ్యలో ముల్లు పోతే తల తీసి ఇంకోటి పెట్టేస్తారు. ఆలోచిస్తే మా తాతయ్య కూడా ఒకరకంగా డీజేనే కదా.

మా ఇంటి లెక్క వేరు. ఎల్పీలు మాత్రమే ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి ఒకే కార్ట్రిడ్జ్ వాడేవాళ్లు ఊడని తల తీసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, ఇప్పటికీ అదే చెప్తాను. కానీ ఒకే పెట్టెలో రెండు రకాల గాడులు ఉన్నాయి, వినాల్సిన మనిషికి ఎనభై దాటాయి. చెవికి అందీ అందని ఆ తేడా కోసం నేను ఆవిడ్ని ఆపలేను. పాతది అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో ఊడే తల ఉన్నది, 78 స్పీడు కూడా ఉన్నది పట్టుకున్నాను. రెండు హెడ్‌షెల్స్. ఒకదానికి ఎల్పీ కార్ట్రిడ్జ్, ఇంకోదానికి 78ది.

ఒక చిక్కు మిగిలింది. ఎల్పీ ముల్లు మీద 2 గ్రాముల బరువు చాలు, నా 78 ముల్లుకి 3 కావాలి. తల మార్చినప్పుడల్లా చెయ్యి వెనకున్న బరువు తిప్పి సరిచెయ్యమని అమ్మమ్మకి ఎలా చెప్తాను? అందుకని 78 తల మీద చిన్న ఇత్తడి వాషర్ అంటించాను. చిన్న డిజిటల్ కాటా మీద ముల్లు ఆనించి, అరగదీసి, మళ్లీ ఆనించి, సరిగ్గా గ్రాము తేడా వచ్చేదాకా ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఇప్పుడు వెనక బరువు ముట్టుకోనక్కర్లేదు. తల మారిస్తే బరువు దానంతటదే మారుతుంది.

రాజోలు తీసుకెళ్లి పెట్టాను. బానే ఉంది. మూడు నెలలకి అమ్మమ్మ ఫోన్: “ఒక పక్క స్పీకరు మూగబోయిందిరా.” అమలాపురం గడియార స్తంభం దగ్గర పాత రేడియోలు బాగుచేసే ఒకాయన ఉన్నారు. పెట్టె మోసుకెళ్లక్కర్లేదు కదా, తల ఒక్కటే జేబులో వేసుకెళ్లాను. ఆయన అద్దాలు పైకెత్తి మెడ దగ్గరున్న నాలుగు పిన్నులూ చూసి, “ఆయ్, ఏం లేదు బాబూ, ఉప్పు గాలి” అన్నారు. పిల్లలు వాడే రబ్బరుతో తుడిచి, దూదికి స్పిరిట్ రాసి ఒకసారి అద్ది ఇచ్చేశారు. డబ్బులు తీసుకోలేదు. సముద్రం పక్కనున్న ఊళ్లలో ఊడే తలకి ఈ పని తప్పదు. అతుకు ఉన్నచోట తుప్పు చేరుతుంది. నెలకోసారి తుడవాలని ఇంటికొచ్చి చెప్తే, “దీపారాధన కుందులు వారం వారం తోమట్లేదా? దీనికేం!” అంది.

మొన్న దసరాకి వెళ్లాను. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల అమ్మమ్మ తల మారుస్తోంది. చూపుతో కాదు, వేళ్లతో. వాషర్ తగిలితే పెద్ద ముల్లు, తగలకపోతే చిన్న ముల్లు. చాలదన్నట్టు పెద్ద ముల్లు తలకి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. రింగు బిగించి, చెయ్యి మెల్లిగా దింపింది. అప్పడాలు కొంచెం వేగాయి, పాట మొదలైంది.

“గుమ్మంలో నించోకురా, లోపలికొచ్చి కూర్చో. మూడు నిమిషాలే ఉంటుంది, మళ్లీ ప్లేటు తిప్పాలి” అంది.